వద్దన్న పళ్ళెం

డెల్ఫియా పళ్ళెం పట్టుకొచ్చి నిచ్చెన కింద నిలబడింది. పళ్ళెం మీద తెల్లగుడ్డ కప్పి ఉంది, గుడ్డ అంచుల్లోంచి ఆవిరి వస్తోంది. కప్పు మీద పాత రేకులు పీకుతున్న వెర్లిన్ పైనుంచి అది చూశాడు. పొద్దుటి నుంచి దేనికి భయపడుతున్నాడో అదే ఎదురైంది.

"దిగు బ్రదర్. వేడి మీద ఉండగానే తినాలి," అంది డెల్ఫియా. "చిక్కుడు గింజలూ, మొక్కజొన్న రొట్టే. వాళ్ళని కూడా రమ్మను."

వాళ్ళంటే పట్నం నుంచి సాయానికొచ్చిన నలుగురు బ్యాంకు ఉద్యోగులు. మంచివాళ్ళే, కష్టపడతారు, కాకపోతే సుత్తి ఏ వైపు పట్టుకోవాలో నిన్ననే నేర్చుకున్నారు. పళ్ళెం చూసి నలుగురూ వెర్లిన్ మొహం కేసి చూశారు.

వెర్లిన్ చర్చి మరమ్మతు బృందానికి పెద్ద. ఈ కెంటకీ కొండల్లో సొంత ఇల్లయితే ఉంటుంది గానీ దాన్ని నిలబెట్టుకునే స్తోమత చాలామందికి ఉండదు. అలాంటివాళ్ళ ఇళ్ళకి కప్పులు వేయడం, కుంగిన నేల సరిచేయడం, కాళ్ళు లేనివాళ్ళకి మెట్ల బదులు వాలుబాట కట్టడం బృందం పని. అంతా ఉచితం. సామాను విరాళాల్లోంచి వస్తుంది, చెమట వీళ్ళది. బృందానికి ఒక నియమం ఉంది, అది వెర్లిన్ పెట్టిందే. పనిచేసే ఇంట్లో ఎవరూ ఏమీ తినకూడదు, ఎవరి తిండి వాళ్ళు తెచ్చుకోవాలి.

దానికీ కారణం లేకపోలేదు. కిందటేడు ఒక ముసలావిడ పని జరిగినన్నాళ్ళూ అందరికీ కోడికూర పెట్టింది. అందరూ లొట్టలేసుకుంటూ తిన్నారు. ఆఖరి రోజు వెర్లిన్ పెరట్లోకి వెళ్ళి చూస్తే కోళ్ళగూడు ఖాళీ. గుడ్లు అమ్ముకుని బతికే మనిషి పెట్టలన్నీ కోసి పెట్టేసింది. తిన్నదంతా వెర్లిన్‌కి తలవంపుగా తోచింది, ఆ సిగ్గులోంచే ఈ నియమం పుట్టింది. మంచి మనసుతో పెట్టిందే. కానీ నియమాలకి ఒక జబ్బుంది. పెట్టినవాడి మనసు ఎదుటివాళ్ళకి కనపడదు, నియమం ఒక్కటే కనపడుతుంది.

"మేం తెచ్చుకున్నాం డెల్ఫియా గారూ," అన్నాడు వెర్లిన్ కిందకి దిగి. "మాకొక నియమం ఉంది. ఏమీ అనుకోకండి."

"తిండికి నియమమేంటి?"

"మీ ఇంట్లోనే కాదండీ. ఎక్కడా తినం."

బ్యాంకు వాళ్ళు తమ పొట్లాలు విప్పుకుంటూ చూపులు తిప్పేసుకున్నారు. డెల్ఫియా జారిన గుడ్డని మళ్ళీ సర్ది, పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. తలుపు ధడాల్న వేసుంటే వెర్లిన్‌కి కాస్త తేలికగా ఉండేది. ఆమె చప్పుడు కాకుండా వేసింది.

వాకిట్లో పాత చెక్కల్లోంచి మేకులు పీకుతున్న నెడ్రా పటకారు కింద పడేసింది. నెడ్రా వెర్లిన్‌కి వదిన. అన్న పోయినప్పటి నుంచీ బృందంతో పాటు తిరుగుతోంది. జీవితమంతా బడి వంటగదిలో పిల్లలకి వండి పెట్టిన మనిషి, పళ్ళెం వెనక్కి వెళ్ళడం చూసి తట్టుకోలేకపోయింది.

"మహా గొప్ప పని చేశావు మరిదీ. మెడలో పతకం వేయించుకో."

"నియమం వదినా."

"నియమం నీ నెత్తిన పెట్టుకో. వాళ్ళ గుమ్మం ఎక్కి, వాళ్ళ కప్పు పీకి, వాళ్ళ చేతి ముద్ద వద్దంటే మనం సాయం చేసేవాళ్ళమా, ముష్టి వేసేవాళ్ళమా?" అని, సమాధానం కోసం ఆగకుండా డెల్ఫియా వెనకాలే లోపలికి వెళ్ళింది.

వెర్లిన్ తను తెచ్చుకున్న రొట్టె ఒక ముక్క కొరికి మళ్ళీ పొట్లం కట్టేశాడు. సాయంత్రం ఆవిడతో మాట్లాడి క్షమించమని అడగాలనుకున్నాడు. ఆ సాయంత్రం దాకా ఆగడానికి వాన ఒప్పుకోలేదు.

వాన రేపటికి గానీ రాదని రేడియోలో చెప్పారు. రేడియో మాట కొండలకి తెలియదు కాబోలు, మధ్యాహ్నం తిరిగేసరికి పడమటి గట్టు మీద మబ్బు నల్లగా దిగింది. అప్పటికి ఇంటి కప్పు సగం తెరిచే ఉంది. ఆ తెరిచిన సగం కిందే ఆర్బిన్ పడుకునే గది. ఆర్బిన్ డెల్ఫియా భర్త. బొగ్గుగనిలో ఏళ్ళ తరబడి పీల్చిన దుమ్ము ఇప్పుడు ఆయన ఊపిరితిత్తుల్లో గడ్డకట్టుకుపోయింది. మంచం పక్కన ఒక మిషను గదిలోని గాలిని పీల్చి, దాంట్లోని ఆక్సిజన్‌ని గొట్టం ద్వారా ఆయన ముక్కులోకి పంపుతూ ఉంటుంది. అలాంటి మనిషి తడిస్తే రొంప పడుతుంది, రొంప పడితే ఇక లేవడు. ఆ గది తడవకూడదు. వెర్లిన్‌కి అదొక్కటే బుర్రలో తిరుగుతోంది.

"బరకం లాగండి," అని అరిచాడు. "ముందు ఆ గది మీదకి. తర్వాత మిగతాది."

గాలికి బరకం తెరచాపలా లేచి బ్యాంకు ఉద్యోగి ఒకణ్ణి చూరు దాకా ఈడ్చింది. వెర్లిన్ పొట్ట మీద పాకుతూ వెళ్ళి అంచు పట్టుకున్నాడు, వాసానికి మేకు కొట్టాడు, చేయి గీరుకుపోయింది. ఇక మిగిలింది వంటింటి మీది పొగగొట్టం. దాని చుట్టూ ఉన్న తుప్పుపట్టిన రేకు పొద్దున్నే పీకేశారు. ఇప్పుడు దాని నోట్లోంచీ చుట్టూ సందుల్లోంచీ నీళ్ళు ఇంట్లోకి దూకడం ఖాయం. వెర్లిన్ ఒక మందపాటి చెక్కపలక తెచ్చి పొగగొట్టం మీద మూత పెట్టాడు, పలక ఎగరకుండా బండరాయి పెట్టాడు, దాని మీదుగా బరకం లాగి కట్టాడు.

"మూసేస్తే ఫర్వాలేదా?" అని అడిగాడు బ్యాంకు వాళ్ళలో ఒకడు.

"ఇంకా చలి ముదరలేదు కదా. బొగ్గు పొయ్యి చలికాలంలో గానీ వెలిగించరు. ఇప్పుడంతా కరెంటు పొయ్యి మీదే వంట," అన్నాడు వెర్లిన్. "అయినా చెప్పే వెళ్తాలే."

చెప్పాడు కూడా. అందులో అబద్ధం లేదు.

ఇంటి సంగతి ఏదైనా ఇంటాయనతో చెప్పాలి, ఆయన మంచాన పడ్డా సరే, పడితే మరీను. ఇది వెర్లిన్ తండ్రి నేర్పిన మర్యాద, ఆ కొండల్లో అందరి తండ్రులూ నేర్పేదే. గనికి పోయి వెన్ను విరగ్గొట్టుకుని ఇల్లు కట్టినవాణ్ణి పక్కనపెట్టి ఇల్లాలితో మాట్లాడితే, ఆ మనిషి ఉండీ లేనట్టే కదా. వెర్లిన్ టోపీ తీసి చేతిలో పట్టుకుని ఆర్బిన్ మంచం దగ్గరికి వెళ్ళాడు. పైన బరకం మీద వాన దరువేస్తోంది, పక్కన మిషను గురగురమంటోంది.

"ఆర్బిన్ గారూ, వాన తగ్గేదాకా పని ఆపేశాం. రేపు పొద్దున్నే వస్తాం. వంటింటి పొగగొట్టం మీద పలక పెట్టి మూసేశాను. మళ్ళీ మేం తీసేదాకా బొగ్గు పొయ్యి వెలిగించొద్దు. జాగ్రత్త."

ఆర్బిన్ అతని మొహం కేసే చూస్తూ శ్రద్ధగా తలూపాడు.

"అలాగే బ్రదర్, అలాగే," అన్నాడు. "దేవుడు మీకు మేలు చేస్తాడు."

బయటికొస్తూ వెర్లిన్ వంటింట్లోకి తొంగిచూశాడు. డెల్ఫియా లేదు. పెరటి తలుపు తెరిచి ఉంది. నిజం చెప్పాలంటే, ఆవిడ ఎదురుపడనందుకు వెర్లిన్ లోలోపల సంతోషించాడు. ఆ మొహం మళ్ళీ చూసే ధైర్యం అప్పటికి లేదు.

బ్యాంకు వాళ్ళు తమ వ్యానులో ముందు వెళ్ళిపోయారు. వెర్లిన్, నెడ్రా పాత పికప్ బండిలో వాగు మీది లోతట్టు వంతెన దాటి, లోయ దారిలో కిందకి దిగుతున్నారు. అప్పటికే వాగు నీళ్ళు ఎర్రబారాయి. అద్దం మీద వైపరు కీచుకీచుమంటోంది. నెడ్రా కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

"ఏదో ఒకటి అనేయ్ వదినా."

"అనడానికేముంది? ఆవిడ ఆ పళ్ళెం ఏం చేసిందో తెలుసా? గింజలు మళ్ళీ గిన్నెలో పోసి మూత పెట్టింది. ‘కరెంటు పొయ్యి మీద చేస్తే రొట్టె పలకలా వస్తుంది, అందుకే వాళ్ళకి నచ్చలేదు’ అంది. అది కాదమ్మా, వాళ్ళకేదో దిక్కుమాలిన నియమం ఉందని చెప్పా. నమ్మితేనా? ‘నియమం పెట్టుకున్నవాళ్ళు వాసన చూసి గుటకలు మింగరు, మీ మరిది గుటక మింగాడు, నేను చూశా’ అంది."

వెర్లిన్ నవ్వబోయాడు, నవ్వు రాలేదు.

"‘నా బొగ్గు పొయ్యి మీద చేసింది ఇంతవరకు కాదన్నవాడు లేడు, రేపు చూస్తా’ అంది. ఎండు యాపిల్ కేకు చేస్తుందట. పొరలు పొరలుగా కాల్చి, మధ్యలో గుజ్జు పూసి, రాత్రంతా నానబెట్టాలి. ఒక పూట ముందు చేస్తేనే దానికి రుచి."

వెర్లిన్ కాలు తనంతట తనే బ్రేకు మీదకి వెళ్ళింది. బండి బురదలో అడ్డంగా జారి ఆగింది.

"ఒక పూట ముందంటే?"

"ఇవాళే. నేను బయటికొచ్చేసరికి బకెట్ పట్టుకుని పెరట్లో బొగ్గు పాక వైపు వెళ్తోంది. ఏమైంది నీకు?"

"పొగగొట్టం మూసేశాను వదినా. వాన పడుతుందని పైన పలక పెట్టి రాయి పెట్టాను."

నెడ్రా మొహంలో రంగు పోయింది. మూసిన పొగగొట్టం కింద బొగ్గు మండితే ఏమవుతుందో ఆ కొండల్లో పసిపిల్లనడిగినా చెబుతుంది. పొగ కాదు భయం, పొగ కంటికి కనపడుతుంది. కనపడనిది ఒకటి ఉంటుంది, దానికి వాసన లేదు, నిద్రలాగా వస్తుంది.

"ఆవిడకి చెప్పావుగా?"

"ఆయనకి చెప్పాను."

"ఎవరికి?"

"ఆర్బిన్‌కి. మంచం దగ్గరికెళ్ళి వివరంగా చెప్పాను. తలూపాడు. అలాగే అన్నాడు."

"ఒరే వెర్లిన్," అంది నెడ్రా. ఆమె అతన్ని ఒరే అని పిలవడం అన్న పోయిన రోజు తర్వాత ఇదే. "ఆయనకి వినపడదురా. గనిలో డ్రిల్లు పట్టి పట్టి చెవులు ఎప్పుడో పోయాయి. వినపడట్లేదని చెప్పుకోడం నామోషీ, అందుకని ఎవరేమన్నా తలూపుతాడు. పొద్దున్న మంచినీళ్ళు కావాలా అని నేనడిగితే ఏమన్నాడో తెలుసా? ‘దేవుడు మీకు మేలు చేస్తాడు’ అన్నాడు."

చెవిటివాడి ముందు శంఖం ఊదడమని వినడమే గానీ, ఊదినవాడు తనే అయితే ఎలా ఉంటుందో వెర్లిన్‌కి అప్పుడు తెలిసింది. బండి వెనక్కి తిప్పబోతే నెడ్రా అతని మణికట్టు పట్టుకుంది.

"ముందు ఫోను. కింద మలుపులోనే కిరాణా కొట్టుంది. వాళ్ళింట్లో ఫోనుంది, ఆవిడ ఎత్తితే ఒక్క మాటతో సరిపోతుంది."

లోయలో సెల్‌ఫోన్లు పనిచేయవు. కొట్టు దాకా వెళ్ళడం దిగుడే గానీ, ఆ కాస్త దూరమూ ఆ ఇంటికి దూరమవడమే కదా. వెర్లిన్‌కి ప్రాణం పోతున్నట్టుంది. కొట్టు నడిపే ఆమె వీళ్ళ మొహాలు చూసి ఏమీ అడక్కుండా ఫోను ముందుకు తోసింది.

ఫోను మోగింది. మోగుతూనే ఉంది. వెర్లిన్ ఆ మోతని చెవికి నొక్కిపెట్టుకుని విన్నాడు. ఆర్బిన్‌కి వినపడదు. డెల్ఫియా పెరట్లో ఉందేమో. బొగ్గు పాక దగ్గర ఉందేమో. వానలో తడుస్తూ కోళ్ళని మూస్తోందేమో. ఎన్ని రకాలుగా అనుకున్నా మనసు ఒక్క చోటికే వెళ్ళి ఆగుతోంది.

"నువ్వు చేస్తూనే ఉండమ్మా," అని నెడ్రా ఫోను లాగి కొట్టు ఆమె చేతిలో పెట్టింది. "ముందు అంబులెన్సుకి చెప్పు. ఆర్బిన్ వాళ్ళ ఇల్లు, బొగ్గుపొయ్యి విషగాలి. ఆక్సిజన్ తెమ్మను. తర్వాత ఆ ఇంటికి చేస్తూనే ఉండు. ఎత్తితే ఆవిణ్ణి ఆయనతో సహా బయటికి రమ్మను."

పైకెళ్ళే దారిలో వెర్లిన్ బండిని ఎంత తొందరపెడితే చక్రాలు అంత జారాయి. దేవుణ్ణి ప్రార్థించాలనుకున్నాడు గానీ నోట్లో ఒకే మాట తిరిగింది: ఇంకా వెలిగించకుండా ఉండాలి, ఇంకా వెలిగించకుండా ఉండాలి.

వాగు దగ్గరికొచ్చేసరికి లోతట్టు వంతెన లేదు. ఉన్న చోట ఎర్రనీళ్ళు సుళ్ళు తిరుగుతున్నాయి. పైన కొంచెం దూరంలో మనుషులు నడిచే తీగల వంతెన ఉంది. దానికి నడుమ చెక్కలు ఊడిపోయాయి. ఈ వారం ఆఖర్లో దాన్ని కూడా బాగు చేస్తామని వెర్లినే మాటిచ్చాడు.

"నువ్వు నడువు," అంది నెడ్రా. "నాకోసం చూడకు. నా తిప్పలు నేను పడతా."

వెర్లిన్ రెండు పక్కలా తీగలు పట్టుకుని నడిచాడు. వంతెన ఊయలలా ఊగింది. చెక్కలు లేని చోట కింది తీగ మీద కాలు పెట్టి, కళ్ళు మూసుకుని దాటాడు. అవతలి గట్టెక్కి చూస్తే ఇల్లు కనిపించింది. కప్పు మీద పొగ లేదు. ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. మరుక్షణం బుర్ర పనిచేసింది. మూసిన గొట్టంలోంచి పొగ ఎలా వస్తుంది?

తలుపూ కిటికీలూ అన్నీ వేసున్నాయి. లోపల ఫోను మోగుతోంది.

వెర్లిన్ తలుపు తోశాడు. ఇల్లు హాయిగా వెచ్చగా ఉంది, ఆ వెచ్చదనానికే అతని ఒళ్ళు జలదరించింది. వంటింట్లో దీపం వెలుగుతోంది, దీపం చుట్టూ పల్చటి నీలం పొర. బొగ్గు పొయ్యి కడుపు ఎర్రగా ఉంది. బల్ల మీద పల్చటి కేకు పొరలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. వాటి పక్కనే డెల్ఫియా కుర్చీలో కూర్చుని బల్ల మీద తల వాల్చేసింది. చేతులకి పిండి అంటుకునే ఉంది.

వెర్లిన్ ఆమె భుజాలు పట్టి కుదిపాడు. ఆమె కళ్ళు సగం తెరిచింది.

"తలుపెయ్," అంది ముద్దగా. "ఆయనకి చలి."

బతికే ఉంది. వెర్లిన్ ఆమె చంకల కింద చేతులు వేసి వసారాలోకి ఈడ్చాడు. ఆమె బలం లేని చేత్తో అతని మొహం మీద కొట్టింది. "వదులు. రొట్టె మాడుతుంది," అంది. వసారా గోడకి ఆమెని చేరేసి, గుండెల నిండా గాలి పీల్చుకుని మళ్ళీ లోపలికి పరిగెత్తాడు.

గదిలో మిషను నమ్మకంగా తన పని తను చేసుకుపోతోంది. గదిలో ఉన్న గాలినే పీల్చి ఆర్బిన్ ముక్కులోకి పంపుతోంది. ఆ గాలిలో ఇంకేం కలిసిందో పాపం దానికేం తెలుసు. ఎప్పుడూ బూడిద రంగులో ఉండే ఆర్బిన్ బుగ్గలు పెళ్ళికొడుకు బుగ్గల్లా ఎర్రగా ఉన్నాయి. ఆ ఎరుపు ఆరోగ్యం కాదని వెర్లిన్‌కి తెలుసు. పిలవడం దండగ. గొట్టం లాగేసి, ఆయన్ని దుప్పటితో సహా నేల మీదకి దింపి ఈడ్చాడు. మనిషి ఎండుపుల్లలా ఉన్నా దుప్పటి కొండలా ఉంది. గుమ్మం దగ్గరికొచ్చేసరికి వెర్లిన్ తల తిరిగింది, కళ్ళ ముందు చీకట్లు కమ్మాయి. కూర్చుంటే బావుండునని, ఒక్క నిమిషం కూర్చుంటే చాలునని అనిపించింది.

దుప్పటి అటువైపు నుంచి ఎవరో లాగారు. నెడ్రా. తల నుంచి నీళ్ళు కారుతున్నాయి, ఒక కాలికి చెప్పు లేదు.

"కూర్చున్నావంటే చంపేస్తా," అంది. "లాగు."

ఇద్దరూ ఆర్బిన్‌ని వసారా చివరికి, గాలి తగిలే చోటికి చేర్చారు. కరెంటు పోతే పనికొస్తుందని ఒక ఆక్సిజన్ సిలిండరు వసారా మూల ఎప్పుడూ ఉంటుంది. నెడ్రా దాన్ని దొర్లించుకొచ్చి, మూత తిప్పి, గొట్టం ఆర్బిన్ ముక్కుకి పెట్టింది. ఆమె చేతులు తడబడలేదు. వెర్లిన్ అన్నకి ఆఖరి రోజుల్లో ఆమె రోజూ చేసిన పనే అది, ఆ అన్నదీ ఇదే జబ్బు.

సిలిండరు ఒక్కటే, ముక్కులు రెండు. నెడ్రా డెల్ఫియా కేసి చూసింది. డెల్ఫియా పక్కకి ఒరిగి వాంతి చేసుకుంటోంది.

"ఆయనకే ఉంచు," అంది డెల్ఫియా మూతి తుడుచుకుంటూ. "నాకు గాలి చాలు."

వెర్లిన్ ఆర్బిన్ పక్కన మోకాళ్ళ మీద కూలబడి ఆయన చేయి పట్టుకున్నాడు. బతకమని బతిమాలాలనుంది, మాట వినపడని మనిషిని ఏమని బతిమాలతాడు? అందుకని చేయి నొక్కాడు. వదిలి, మళ్ళీ నొక్కాడు. తన మర్యాద, తన నియమం, తన మంచితనం అన్నీ ఆ చేతిలో చచ్చుబడి ఉన్నట్టనిపించి వెర్లిన్‌కి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే నొక్కాడు. లోపల ఫోను మోగి మోగి ఆగిపోయింది, మళ్ళీ మొదలైంది.

కొంతసేపటికి ఆ చేయి తిరిగి నొక్కింది. గట్టిగా కాదు. కానీ నొక్కింది.

నెడ్రా అప్పటిదాకా బిగబట్టిన ఊపిరి వదిలింది. వెర్లిన్ లేచి, తలుపులూ కిటికీలూ బార్లా తెరిచి, నిచ్చెనెక్కి బరకం కోసి పొగగొట్టం మీది రాయిని తోసేశాడు. పలక ఎత్తగానే పొగ గుప్పున అతని మొహానికి కొట్టి వానలో కలిసిపోయింది. కిందకి దిగొచ్చేసరికి డెల్ఫియా కాస్త తేరుకుని గోడకి ఆనుకుని కూర్చుంది.

"పొగ చూరుతుంటే గొట్టం తడిసిందనుకున్నా," అంది. "ఏటా మొదటిసారి వెలిగించినప్పుడు అంతే చేస్తుంది. కాసేపు కిటికీ తీసి మళ్ళీ వేసేశా, ఆయనకి చలని."

"నేనే మూశాను అక్కా. పైన పలక పెట్టాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఆయనకి చెప్పాను."

డెల్ఫియా అతని కేసి చూసింది. కోపం లేదు ఆ చూపులో. కోపమైతే వెర్లిన్ భరించేవాడు.

"పొయ్యి వెలిగించేది ఆయనా?" అంది.

నెడ్రా వంగి ఆర్బిన్ ముక్కు దగ్గర గొట్టం సరిచేసింది.

అంబులెన్సు వాగు అవతలే ఆగింది. మనుషులు స్ట్రెచర్లూ సిలిండర్లూ మోసుకుంటూ తీగల వంతెన మీదుగా వచ్చారు. వాళ్ళలో పెద్దవాడు డెల్ఫియా ముక్కుకి కూడా గొట్టం పెట్టి, ఆర్బిన్ ముందు వంగాడు.

"తాతా, మిమ్మల్నిద్దర్నీ ఆసుపత్రికి తీసుకెళ్తాం. రక్తంలో ఆ విషం ఎంతుందో చూడాలి. మీకు సమ్మతమేనా?"

ఆర్బిన్ కళ్ళు తెరిచి, అతని మొహం కేసి శ్రద్ధగా చూసి తలూపాడు. "అలాగే," అన్నాడు పీలగా. "దేవుడు మీకు మేలు చేస్తాడు."

"ఆయనకి వినపడదు," అన్నాడు వెర్లిన్. "ఆమెకి చెప్పండి. ఏదైనా సరే ఆమెకే చెప్పండి."

అతను మళ్ళీ మొదటి నుంచి డెల్ఫియాకి చెప్పాడు. ఆమె అంతా వింది. మరి ఇల్లెవరు చూస్తారని అడిగింది. మేముంటాం అంది నెడ్రా. స్ట్రెచర్ మీద పడుకోమంటే మాత్రం డెల్ఫియా కదల్లేదు.

"వెర్లిన్," అంది. అప్పటిదాకా బ్రదర్ అనే పిలిచింది. "మధ్యాహ్నం గింజలు గిన్నెలో ఉన్నాయి. రొట్టె మళ్ళీ చేశా, పొయ్యిలో ఉంది."

"ముందు నువ్వు బయల్దేరక్కా. తర్వాత చూద్దాం."

"పొద్దుటి నుంచి మా ఇంటి పని చేసి మా చేతి ముద్ద ముట్టలేదు. మిమ్మల్నిలా వదిలేసి నేనెలా వెళ్ళను?"

అంబులెన్సు ఆయన గడియారం చూసుకున్నాడు. వెర్లిన్ లోపలికి వెళ్ళాడు. పొయ్యిలోంచి పెనం తీస్తే రొట్టె పైన బంగారంలా ఉంది, అడుగు బొగ్గయిపోయింది. దాన్ని విరిచి గింజల్లో వేసుకుని, బయటికొచ్చి తడిసిన మెట్టు మీద, ఆమెకి ఎదురుగా కూర్చుని తిన్నాడు. గింజలు చల్లారిపోయాయి. మాడు చేదు నాలిక మీద నిలిచింది. అయినా ఆకలి కాబోలు, ఒక్కో ముద్దా వెచ్చగా కడుపులోకి దిగింది. డెల్ఫియా ముక్కుకి గొట్టంతో, రెప్ప వేయకుండా అతన్నే చూసింది.

"ఉప్పు సరిపోయిందా?"

వెర్లిన్ అబద్ధమాడబోయి ఆగాడు.

"తక్కువైందక్కా."

"ఆయనకి డాక్టరు తగ్గించమన్నాడు," అంది డెల్ఫియా, స్ట్రెచర్ మీదకి ఒరుగుతూ. "నేనొచ్చాక మీకు వేరే తీసి పెడతాలే."

"సరే," అన్నాడు వెర్లిన్. మిగిలిన రొట్టె రెండు ముక్కలు చేసి, పెద్దది వదినకి ఇచ్చాడు.